పాత పదిహేడో లెవెల్

2041 ఫిబ్రవరి 1, శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకల్లా హైదరాబాద్‌లోని పరిశోధనశాల పదమూడు పరికరాలను ఆపేసింది. ఆపాల్సినవి పద్నాలుగు. పద్నాలుగోది రెండు వందల నలభై కిలోమీటర్ల దూరంలో, తాళ్లగూడెం బొగ్గుగని కాలనీలో, జాడి ఓదెలు కాలర్ బోన్ కింద పనిచేస్తూనే ఉంది.

ఓదెలుకు అరవై ఒక్కేళ్లు. ఆ ఉదయం తొమ్మిదింటికి ఆయన ల్యాబ్‌కు రావాలి. రాలేదు. అయిదూ పదికి డాక్టర్ ఆలపాటి ఇందుమతి ఫోన్ చేసింది. పరికరాన్ని తయారు చేసిన బృందానికి ఆమె పెద్ద.

"ఓదెలు గారూ, బస్సు దొరకలేదా?"

"దొరికింది డాక్టరమ్మా. ఎక్కలే."

"కారు పంపిస్తాను."

"పంపుండ్రి. డ్రైవరు చాయ్ తాగి పోతడు."

"ఇద్దరు చనిపోయారండీ. మీకు కాగితం పంపాం. చదివారా?"

"రెండుసార్లు చదివిన. నిరుడు గీ రోజులల్ల నాకు చదువుడే రాకపాయె. గది మీ మిషిన్ పుణ్యమే."

"అందుకే నా మాట వినండి."

"పన్నెండో తారీఖు నేను సాక్ష్యం చెప్పాలె. అందాక ఆపేది లేదు. చెప్పినంక ఆపుతరో పీకుతరో మీ ఇష్టం."

ఓదెలు ఫోన్ పెట్టేశాడు.

ఆయన చెప్పాల్సిన సాక్ష్యం మూడేళ్ల కిందటిది. 2038 మార్చి 9 ఉదయం 7.25కు తాళ్లగూడెం గనిలో పైకప్పు కూలి నలుగురు చనిపోయారు. దుర్గం శంకర్, యాకూబ్, బొమ్మెన సదయ్య, ఐలయ్య. ఆ షిఫ్టుకు ఓదెలు సర్దార్. సర్దార్ కార్మికుల కంటే ముందు గనిలో దిగుతాడు. కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే లోపల పొర విడిపోయినట్టు. చూసిన చోట సుద్దముక్కతో తేదీ, సమయం, తన పేరులోని పొడి అక్షరాలు రాస్తాడు. డొల్లగా ఉంటే పైన ఇంటూ గుర్తు పెట్టి, కంచె కట్టి, బయటికొచ్చి రిజిస్టర్‌లో ఎక్కించి, షిఫ్టు మీద అధికారి అయిన ఓవర్‌మెన్‌కు ఇస్తాడు. ఇంటూ దాటి ఎవరూ పోకూడదు.

తాను ఇంటూ పెట్టానని ఓదెలు అన్నాడు. పెట్టలేదని యాజమాన్యం అంది. పైకప్పులో అమర్చిన సెన్సర్లు ఆ ఉదయమంతా మామూలుగానే ఉన్నట్టు చూపాయని రికార్డు దాఖలు చేసింది. రిజిస్టర్‌లో ఆ రోజు పేజీ లేదు. కూలిన ప్రాంతానికి ఇటుక గోడలు కట్టి మూసేశారు.

ప్రమాదం జరిగిన తొమ్మిదో రోజు ఓదెలుకు గుండెపోటు వచ్చింది. బతికాడు. గుండె సామర్థ్యం మాత్రం ఇరవై రెండు శాతానికి పడిపోయింది. ఆగస్టులో మొదటి విచారణ జరిగేనాటికి మంచం నుంచి వాకిలి దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. భార్య పేరు కోసం వెతుక్కునేవాడు. చెప్పులు తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు. ఇంటూ ఎక్కడ పెట్టావని విచారణలో అడిగితే, "పదిహేడో లెవెల్, మూడో గడ్డరు" అన్నాడు. మనుషులు పోయి పదిహేడో లెవెల్ అనే అడ్డ సొరంగం చూశారు. అక్కడ పైకప్పును మోసే ఇనుప గడ్డర్లే లేవు. కూలిన చోటుకు అది తొమ్మిది లెవెళ్ల దూరంలో ఉంది.

'సర్దార్ నిర్లక్ష్యం వల్ల' అనే మాటతో మధ్యంతర నివేదిక వచ్చింది. కార్మిక సంఘం కోర్టుకు వెళ్లింది. మళ్లీ విచారించమని కోర్టు చెప్పింది. ఆ విచారణలో చివరి సాక్షి ఓదెలు. ఆయన చెప్పేది నిలబడకపోతే ఆ మాట తుది నివేదికలోనూ ఉంటుంది.

చనిపోయిన ఐలయ్య ఓదెలు భార్య సారక్కకు సొంత తమ్ముడు. ఐలయ్య భార్య కనకమ్మ నాలుగిళ్ల అవతల ఉంటుంది. నల్లా దగ్గర సారక్క కనిపిస్తే బిందె ఎత్తుకుని వెనక్కి మళ్లేది. మూడేళ్లుగా ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

పరికరం సంగతి ఇంటికి తెచ్చింది కూతురు రవళి. ఆమె హైదరాబాద్‌లో మెట్రో రైలు నడుపుతుంది. గుండె జబ్బుతో మతిమరుపు వచ్చినవాళ్ల మీద ప్రయోగం జరుగుతోందని తెలిసి, 2040 మేలో తల్లిదండ్రులను ల్యాబ్‌కు తీసుకెళ్లింది. ఇందుమతి ముందు ఓదెలుకు పరీక్ష పెట్టింది. అయిదు మాటలు చెప్పి, పది నిమిషాల తరవాత అడిగింది. ఒక్కటీ చెప్పలేదు. గనిలో చనిపోయిన నలుగురి పేర్లు అడిగింది. ఒక్కటీ చెప్పలేదు.

ఆమె రెండు మెదడు చిత్రాలు గోడకు తగిలించింది.

"గుండె నీరసించినప్పుడు మెడలో ఉన్న నరం గుండా మెదడుకు కబురు పంపుతుందమ్మా. రాత్రీ పగలూ ఒకటే కబురు. మెదడు కంగారుపడి, ఇంకా గట్టిగా కొట్టుకోమని గుండెను తరుముతుంది. తరిమేకొద్దీ గుండె ఇంకా చితుకుతుంది. ఈ గొడవలో మెదడు కూడా అరిగిపోతుంది. ఇదిగో, జ్ఞాపకాలు దాచుకునే చోటు. ఇది మామూలు మనిషిది. ఇది మీ ఆయనది."

సారక్క రెండూ చూసింది. "అత్తాకోడళ్ల కొట్లాట లెక్కున్నది. ఎవలో ఒకరు నోరు మూసుకోవాలె."

"అదే చేస్తున్నాం. గుండె కబురు మెదడుకు చేరకుండా ఆపుతాం. దాని బదులు ఆరోగ్యంగా ఉన్న గుండె పంపే కబురు వినిపిస్తాం. మెదడు తరమడం మానేస్తుంది. రెండూ కోలుకుంటాయి."

"ఎవల గుండె కబురు?"

"సొంత బిడ్డలదైతే బాగా కుదురుతోంది."

రవళి చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది. "ఎక్కడ పడుకోవాలె?"

ఒక రోజంతా ఆమె మెడ నరంలో నడిచిన సంకేతాలను రికార్డు చేశారు. ఆ రోజు ఉదయం 11.20కి వార్డులో ఒక నర్సు చేతిలోంచి స్టీల్ ట్రే జారి పడింది. రవళి ఉలిక్కిపడింది. సాయంత్రం నాలుగింటికి చాయ్ కోసం రెండంతస్తులు మెట్లెక్కింది. రెండూ రికార్డులోకి ఎక్కాయి. మళ్లీ తీద్దామా అని టెక్నీషియన్ అడిగితే, "ఒక్క క్షణమే కదా" అని ఇందుమతి వదిలేసింది.

చిక్కుడు గింజంత పరికరాన్ని ఓదెలు కాలర్ బోన్ కింద పెట్టి, దాని తీగను మెడ నరానికి కలిపారు. రికార్డు గడియారం ప్రకారం నడుస్తుంది. ఆ రోజు నుంచి ఓదెలు రోజూ 11.20కి ఉలిక్కిపడతాడు. నాలుగింటికి మంచం మీద ఉన్నా లేచి నిలబడతాడు.

"నీ బిడ్డ చాయ్‌కు పోతున్నది గని, నువ్వు కూసో," అనేది సారక్క.

మూడో వారంలో ఆమెను పేరు పెట్టి పిలిచాడు. రెండో నెలలో పేపర్ చదివాడు. గుండె సామర్థ్యం ముప్పై ఒక శాతానికి పెరిగింది. నవంబరు పరీక్షలో నలుగురి పేర్లూ చెప్పాడు. డిసెంబరులో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ ఆగిపోయి, "సారక్కా, ఏడ పెట్టిన్నో యాదికొచ్చిందే" అన్నాడు.

సంఘం ద్వారా విచారణ కార్యాలయానికి ఉత్తరం రాశారు. సాక్షి స్వయంగా వచ్చి చెప్పాలని జవాబొచ్చింది. తేదీ ఫిబ్రవరి 12.

జనవరి 6న జగిత్యాల దగ్గర ఒక రైతు బావిలోంచి మోటారు లాగి, గట్టు మీద పడుకుని, లేవలేదు. జనవరి 19న హైదరాబాద్‌లో ఒక టీచర్ నాలుగంతస్తులు మెట్లెక్కి, ఇంట్లో కుర్చీలో కూర్చుని చనిపోయింది. ఇద్దరి ఒంట్లోనూ ఇదే పరికరం ఉంది. ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ నీరు నిండి ఉంది. ఇద్దరికీ ఆయాసం రాలేదు. గుండె పంపిన అసలు కబుర్లు కూడా పరికరంలో నమోదై ఉన్నాయి. వాటిని చదివే యంత్రం ల్యాబ్‌లో మాత్రమే ఉంది. చదివితే, చనిపోవడానికి రెండు మూడు రోజుల ముందు నుంచే గుండెలు ప్రమాదం అని చెబుతూ వచ్చాయని తేలింది. ఆ కబురు పరికరం దాటి పైకి పోలేదు.

నైతిక కమిటీ అన్ని పరికరాలనూ ఆపమంది.

ఫిబ్రవరి 3, ఆదివారం ఇందుమతి తాళ్లగూడెం వచ్చింది. పరికరాన్ని ఆపే అయస్కాంతపు తాళం ఆమె సంచిలో ఉంది. మెడ దగ్గర అర నిమిషం పడితే చాలు. రోగి ఒప్పుకోకుండా దాన్ని వాడకూడదు. రవళి కూడా అదే కారులో వచ్చింది.

"తాళం ఇంటికే వచ్చిందే," అన్నాడు ఓదెలు.

రవళి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "బాపూ, నీ మెడల తిరిగేది నా గుండె ముచ్చట. నీ ఒంట్ల నీళ్లు నిండుతున్నా గూడ, అంతా మంచిగున్నదని నీ మెదడుకు నేనే అబద్ధం చెప్తున్న. నువ్వు పోతే చంపింది నేనే అయిత."

"నాలుగిండ్లల్ల మూడేండ్ల సంది నేనే చంపిన్నని అనుకుంటున్నరు బిడ్డా. పది రోజులు నువ్వు ఓర్సుకోలేవా?"

రవళి లేచి వాకిట్లోకి పోయింది.

"ఆయాసమే మీకు సైరన్ ఓదెలు గారూ," అంది ఇందుమతి. "దాన్ని మేం కోసేశాం. తర్వాతి పరికరంలో అలారం పెడుతున్నాం. ఏడాది పడుతుంది. అప్పటిదాకా మీకు ఏం జరుగుతోందో మీకే తెలీదు."

"సైరన్ మోగని బొగ్గుబాయిల ముప్పై ఆరేండ్లు చేసిన. సైరన్ లేకుంటే ఏం చేస్తరమ్మా? తట్టి చూస్తరు." ఓదెలు లుంగీ మోకాలి దాకా లాగి కాలు చాపాడు. "తట్టుండ్రి."

ఇందుమతి కింద కూర్చుని, మడమ పైన ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టి వదిలింది. చిన్న గుంట పడింది. మూడు లెక్కపెట్టేలోపు పూడింది.

సారక్క వంగి చూసింది. "గంతేనా? గిది నాకు రాదా?"

"ఇదొక్కటే చాలదమ్మా. రోజూ పొద్దున బరువు చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నారో లెక్కపెట్టాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, గుంట అయిదు అంకెలకు పూడకపోయినా, ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి."

సారక్క అటక మీది రేకు డబ్బా దించింది. అందులో ఓదెలు సుద్దముక్కలున్నాయి. ఆయనను కాటా ఎక్కించి, తలుపు వెనక తేదీ, బరువు, తన పొడి అక్షరం రాసింది. 3-2. 64. సా.

"గుంట పూడకపోతే ఇంటూ పెడ్త," అంది. "ఇంటూ పెట్టిన్నాడు ఈన్ని నేనే పట్టుకొస్త డాక్టరమ్మా, కాళ్లూ చేతులూ కట్టైనా సరే." ఓదెలు వైపు తిరిగింది. "ఇగో. నీ ఇంటూ ఎవలు వినలే. నా ఇంటూ నువ్వు వినాలె."

"వింట."

"మల్ల చెప్పు."

"వింటనే! ఒట్టు."

ఇందుమతి సంచి మూసింది. మర్నాడు కమిటీ సమావేశంలో ఆమె 'ఆపలేదు' అని రాసి సంతకం పెట్టింది. అధ్యక్షుడు కాగితం చదివి తలెత్తాడు.

"మిమ్మల్ని పంపింది ఆయన్ను ఒప్పించడానికి కదా?"

"అవునండీ. నేనే ఒప్పుకుని వచ్చాను."

కొత్త ప్రయోగాలేవీ చేపట్టకుండా ఆమె మీద ఆంక్ష పెట్టారు.

తలుపు వెనక అంకెలు పెరిగాయి. 64. 64. 63.8. 64.1. ఎనిమిదో తేదీన 64.9. తొమ్మిదిన 65.6. ఫిబ్రవరి 10, ఆదివారం ఉదయం ఆరింటికి 66.3. సారక్క కాలు నొక్కి వదిలి లెక్కపెట్టింది. అయిదు దాటింది. ఎనిమిదికి పూడింది.

ఆమె ఇంటూ పెట్టింది.

ఓదెలు తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. "నాకేం అయితలేదే. నడుస్తున్న, తింటున్న. ఆయాసం ముచ్చటే లేదు."

"నీకు ఆయాసం రాదు. నీకు రానియ్యకుండ చేసిన్రు."

"ఎల్లుండే గదనే సాక్ష్యం. ఆసుపత్రిల పండబెట్టి లేవనియ్యకపోతే? తాళం పెట్టి ఆపేస్తే? గీ రెండు రోజులు..."

"గా పొద్దు గూడ ఓవర్‌మెన్ గిదే అన్నడు గదా," అంది సారక్క. "మిషిన్ల మంచిగనే ఉన్నది, గీ ఒక్క షిఫ్టు నడువనీ అని. నువ్వే చెప్పినవ్."

ఓదెలు చాలాసేపు తలుపు చూశాడు. తరవాత చొక్కా వేసుకున్నాడు.

ఏడూ నలభైకి మంచిర్యాల ఆసుపత్రిలో చేర్చారు. నీరు తోడే ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇందుమతి చదివే యంత్రాన్ని కారులో పెట్టుకుని మధ్యాహ్నానికి వచ్చింది. తాళం తేలేదు. మూడు రోజులుగా గుండె పంపిన కబుర్లు తెర మీద చూసి, యంత్రం ఆపేసి, సారక్కతో అంది. "ఇవాళ తీసుకురాకపోతే రేపు ఉండేవారు కాదు."

"బరువు తప్పు జూపదు గదమ్మా," అంది సారక్క.

ఫిబ్రవరి 12, మంగళవారం ఉదయానికి ఆయన బరువు 64.4. ఆసుపత్రి నుంచే విచారణ గదికి తీసుకెళ్లారు. అధికారి ఒక రిటైర్డ్ జడ్జి. కుర్చీలో కూర్చుని చెప్పమన్నాడు. ఓదెలు నిలబడతానన్నాడు. వెనక బెంచీల మీద నలుగురి కుటుంబాలు ఉన్నాయి. కనకమ్మ చివరి బెంచీలో కూర్చుంది.

ఉదయం 5.40కి పైకప్పు డొల్లగా పలికిందని ఓదెలు చెప్పాడు. గడ్డరు మీద ఇంటూ పెట్టి కంచె కట్టానన్నాడు. రిజిస్టర్ రాసి ఓవర్‌మెన్‌కు ఇచ్చానన్నాడు. సెన్సర్లు మామూలుగా చూపుతున్నాయని ఓవర్‌మెన్ తనను అవతలి సెక్షన్‌కు పంపాడన్నాడు.

యాజమాన్యం తరఫు లాయరు చక్రపాణి లేచాడు.

"ఇంటూ ఎక్కడ పెట్టారు?"

"పదిహేడో లెవెల్ల."

వెనక బెంచీల్లో కదలిక వచ్చింది. చక్రపాణి అధికారి వైపు చూసి, మళ్లీ ఓదెలు వైపు తిరిగాడు.

"మూడేళ్ల కిందటా అదే చెప్పారు. పదిహేడో లెవెల్ చూశారు. ఏమీ లేదు. పైకప్పు కూలింది ఇరవై ఆరులో."

"పదిహేడూ ఇరవై ఆరూ ఒకటే సార్."

"ఎలా ఒకటవుతాయి?"

"2031ల బాయిలకు దిగే కొత్త ఇంక్లైన్ తొవ్విన్రు. అది ఎగువ నుంచి మొదలైంది. మా పాత ఒకటో లెవెల్‌కు ముంగట తొమ్మిది లెవెళ్లు కొత్తగ వచ్చినయి. మ్యాపులల్ల నంబర్లు మార్చిన్రు. మా ఒకటి పదైంది. మా పదిహేడు ఇరవై ఆరైంది. కాయితం మీద అందరం కొత్త నంబరే రాసినం. నోట్ల మాత్రం పాతదే. పాతోళ్లు ఎవలనన్న అడుగుండ్రి, ఇప్పటికీ గదే అంటరు. ఆనాడు నాకు మతి లేకుండె. నోటికొచ్చింది చెప్పిన. నోటికొచ్చింది పాత నంబరు."

అధికారి యాజమాన్యం తరఫున కూర్చున్న మేనేజరును చూశాడు. ఆయన 2035లో వచ్చినవాడు. పక్కనున్న సర్వేయర్ చెవిలో ఏదో అడిగాడు. సర్వేయర్ తలూపాడు.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?" అడిగాడు అధికారి.

"మతి ఉన్నోళ్లకు అది చెప్పాల్సిన ముచ్చట అనిపియ్యలే సార్. మాకు పదిహేడంటే పదిహేడే. సంఘపోళ్లు గూడ పదిహేడంటే ఎక్కడో తెలుసనుకున్నరు. మీరు ఇంకో పదిహేడుకు పోయిన్రని ఎవలకు ఎరుక? మావోళ్లను ఎవలనూ తోల్కపోకపాయిరి."

చక్రపాణి గొంతు తగ్గించాడు. "మీ మెడలో ఒక పరికరం ఉంది. నిజమేనా?"

"నిజమే."

"గుండె బాగాలేకపోయినా బాగున్నట్టు అది మెదడుకు చెబుతుంది. నిజమేనా?"

"నిజమే."

"అలాంటి అబద్ధం మీద పనిచేసే మెదడు చెప్పే జ్ఞాపకాన్ని ఈ విచారణ ఎందుకు..."

ఓదెలు ఉలిక్కిపడ్డాడు. భుజాలు ఎగిరాయి. చక్రపాణి మాట ఆపి వేలు చూపాడు.

"ప్రశ్న వినగానే ఉలిక్కిపడ్డారు. అధికారి గారు గమనించాలి."

ఓదెలు గోడ గడియారం చూశాడు. పదకొండూ ఇరవై.

"అది నేను కాదు వకీలు సాబ్. మా బిడ్డ. ఆమె గుండె ముచ్చట రికార్డు చేసినప్పుడు ఆసుపత్రిల నర్సు ట్రే పడేసింది. రోజూ గిదే టైముకు నాకు పడ్తది. రేపు గూడ రాండ్రి, చూపిస్త."

గదిలో నవ్వులు లేచాయి. అధికారి బల్ల మీద చెయ్యి కొట్టాడు.

"అయితే మీలో మీది ఏముంది?" అన్నాడు చక్రపాణి.

"మంచిగడిగిన్రు. గుండె ముచ్చట మా బిడ్డది. మిషిన్ డాక్టరమ్మది. గడ్డరు మీ కంపెనీది. దాని మీద సుద్దగీత నాది." ఓదెలు బల్ల అంచు పట్టుకున్నాడు. "నా మెడల మిషిన్ అంతా మంచిగున్నదని అబద్ధం చెప్తది. ఒప్పుకుంట. మీ పైకప్పుల మిషిన్లు గూడ గదే చెప్పినయి. వాటిని నమ్మి నలుగుర్ని లోపలికి తోలిన్రు. నన్ను మాత్రం నమ్మకుండ్రి. నేను నమ్మమంటలేను. గోడ పగలగొట్టి, లోపలికి పోయి చూడుండ్రి. ఇరవై ఆరో లెవెల్, ఎగువ పక్క, మూడో గడ్డరు, నా తల ఎత్తుల. లేకుంటే 'సర్దార్ నిర్లక్ష్యం' అని నా పేరు పెట్టి రాసుకోండ్రి. నేనే సంతకం పెడ్త."

పన్నెండింటికి అధికారి ఉత్తర్వు చెప్పాడు. మూసిన గోడ తెరవాలి. 2031కి ముందటి మ్యాపు తేవాలి.

గోడ వెనక విషవాయువు బయటికి పోయి, గాలి ఆడటానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ తలుపు వెనక సుద్దముక్క నడిచింది. ఇంటూ మళ్లీ పడలేదు.

ఫిబ్రవరి 22, శుక్రవారం ఉదయం పదిన్నరకు రెస్క్యూ బృందం ఆరుగురు ఆక్సిజన్ సీసాలతో దిగారు. ఒక సర్వేయర్, విచారణ కార్యాలయం నుంచి ఒక ఉద్యోగి వాళ్ల వెంట వెళ్లారు. ఓదెలు గని ముందు షెడ్డులో బెంచీ మీద కూర్చున్నాడు. ఒక పక్క సారక్క, ఒక పక్క రవళి. నాలుగు కుటుంబాల వాళ్లు షెడ్డుకు అవతల నిలబడ్డారు. 11.20కి ఓదెలు ఉలిక్కిపడితే రవళి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

పన్నెండూ ముప్పై అయిదుకు బృందం కెప్టెన్ పైకి వచ్చాడు. హెల్మెట్ తీసి, షెడ్డులో ఉన్న విచారణ అధికారికి ఫోన్‌లో ఫోటో చూపించాడు. తుప్పు పట్టిన గడ్డరు మీద ఇంటూ. కింద రెండు వరుసలు. 9-3-38, 5.40. జా.ఓ.

గడ్డరుకు ఒక పక్క కంచె తీగ ముక్క వేలాడుతోందని, దాన్ని కట్టర్‌తో కత్తిరించారని కెప్టెన్ చెప్పాడు. ఉద్యోగి రాసుకున్నాడు.

కనకమ్మ షెడ్డులోకి వచ్చి ఫోన్ అడిగి తీసుకుంది. ఆమె చదువుకోలేదు.

"ఏ టైము రాసున్నది?"

"అయిదూ నలభై," అన్నాడు కెప్టెన్.

"మా ఆయన దిగింది ఆరున్నరకు."

ఫోన్ తిరిగి ఇచ్చింది. ఓదెలు ముందుకు వచ్చి నిలబడింది. "అన్నా, అన్నం తిన్నవా?"

"ఇంకా లేదు చెల్లే."

"పొద్దెక్కింది. పాండ్రి," అంది.

మర్నాడు ఇందుమతి తాళం తీసుకుని వచ్చింది. ఓదెలు ఇచ్చిన మాట ప్రకారం మంచం మీద కూర్చుని మెడ చాపాడు. గోడ గడియారంలో 3.55 అయింది.

"జెర ఆగుండ్రి," అన్నాడు. "నాలుగింటికి బిడ్డ మెట్లెక్కుతది. చాయ్ తాగిరానీ."

ఇందుమతి తాళం ఒళ్లో పెట్టుకుంది. నాలుగింటికి ఓదెలు లేచి నిలబడ్డాడు. కాసేపటికి కూర్చున్నాడు. రవళి గోడకు తిరిగి నిలబడింది.

4.15కు ఇందుమతి తాళం మెడ దగ్గర అర నిమిషం పట్టింది. పరికరం ఆగింది.

ఇరవై నిమిషాలకు ఓదెలు దిండుకు ఒరిగి నోటితో గాలి పీల్చాడు. "వచ్చింది," అన్నాడు. "గిదేనా నా గుండె ముచ్చట? ఇన్నొద్దుల సంది ఒక్కతే మొత్తుకుంటున్నది పాపం."

తుది నివేదిక ఏప్రిల్ 5న వచ్చింది. అందులో 'సర్దార్ నిర్లక్ష్యం' అనే మాట లేదు. ఓవర్‌మెన్ మీద, అప్పటి మేనేజరు మీద కేసు నమోదుకు సిఫారసు ఉంది. సెన్సర్లు ప్రతి అరగంటకు సగటు లెక్కగట్టి పంపేలా అమర్చారని, ఆ సగటులో పైకప్పు కదలిక కనిపించలేదని నలభై రెండో పేజీలో ఉంది.

ఏప్రిల్ 8, సోమవారం ఇందుమతి పరీక్ష కోసం తాళ్లగూడెం వచ్చింది. తలుపు వెనక ఆ ఉదయం తేదీ ఉంది. 64.6. సా. ఆమె అయిదు మాటలు చెప్పి, పది నిమిషాల తరవాత అడిగింది. ఓదెలు రెండు చెప్పాడు. తరవాత ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగింది.

"దుర్గం శంకర్," అన్నాడు ఓదెలు. ఊపిరి తీసుకున్నాడు. "యాకూబ్. బొమ్మెన సదయ్య."

ఇందుమతి ఒక నిమిషం చూసి, కాగితం మీద మూడు అని రాసింది.

నాలుగో పేరు వంటింట్లోంచి కనకమ్మ చెప్పింది.